వెళ్తుంది, ఉంటుంది

ఆగస్టు 2, శనివారం

గడులు గీసిన పుస్తకంలో డైరీ ఏమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఇంట్లో రాయని పుస్తకం ఇదొక్కటే దొరికింది. ఆఫీసులో సామాను జాబితా రాసుకునేది. వస్తువు, ఎన్ని, స్థితి అని మూడు గడులుంటాయి. లారీ ఎక్కించే ముందే బల్లకి గీత ఉంటే స్థితి గడిలో రాసుకోవాలి, లేకపోతే దించాక ఆ గీత మన నెత్తిన రుద్దుతారు. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే.

మా పిల్లకి, మా కందిరీగకి, సీటొచ్చింది. పశువైద్యం, ఐదున్నరేళ్ళు. పద్దెనిమిదో తారీఖు సోమవారం హాస్టల్లో దిగాలి.

ఏమేం తెచ్చుకోవాలో హాస్టల్ వాళ్ళు ఒక కాగితం పంపారు. దుప్పటి ఒకటి, బకెట్టు ఒకటి, తాళం ఒకటి, "ఇతర వ్యక్తిగత వస్తువులు". ఇది రాసినాయన జన్మలో పెన్ను కంటే బరువైనది ఎత్తి ఉండడు. తాళం అన్నాడు గానీ ఎన్ని తాళంచెవులో చెప్పలేదు. బట్టలారేసే తాడు లేదు, క్లిప్పులు లేవు, బాత్రూం చెప్పులు లేవు. ప్లగ్గు మంచానికి ఆమడ దూరంలో ఉంటే పిల్ల ఫోను ఎక్కడ పెట్టుకుని ఏడవాలో లేదు. నేను ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు సర్ది లారీ ఎక్కిస్తున్నాను. జడ్జిగారి ఇల్లు సర్దాను. మూడు పియానోలున్న పాటల టీచరు ఇల్లు సర్దాను. బతికున్న చేపలతో సహా తొట్టె దించాను, ఒక్క చేప కూడా చావలేదు. నా కూతురి సామాను నాకొక లెక్కా?

వదిన ఫోన్ చేసింది, ఆయన అక్క. ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. వాళ్ళ వరండాలో వాన కొడుతోందట. "ఎలాగూ పిల్ల గది ఖాళీ అవుతుందిగా, నా మిషనూ కటింగ్ బల్లా అక్కడ వేసుకుంటానే" అంది. చూద్దాం అన్నాను.

ఆగస్టు 4, సోమవారం

పని మీద అటే వెళ్తూ హాస్టల్ దగ్గర లారీ ఆపించాను. డ్రైవరు బాబాయి గొణిగాడు. ఆయన గొణుగుడూ ఇంజను చప్పుడూ ఒకటే, పదిహేనేళ్ళుగా వింటున్నాను, పట్టించుకోను.

బీరువా కొలవాలంటే వార్డెన్ నన్ను ఎగాదిగా చూసింది. "తల్లులు వచ్చి గాలి వస్తుందా, నీళ్ళు వస్తాయా అని అడుగుతారండీ. టేపు పట్టుకొచ్చింది మీరొక్కరే" అంది. గాలి సంగతి తరవాత చూద్దాం, ముందు తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్పండన్నాను.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గదికి ఇద్దరు. బీరువా వెడల్పు మూడడుగులు. మంచం కింద పదకొండు అంగుళాలు, అంటే మా పెద్ద సూట్‌కేసు పట్టదు, పాతది పడుతుంది. ప్లగ్గు, అనుకున్నట్టే, తలుపు పక్కన చచ్చింది. అయిదు మీటర్ల వైరున్న బోర్డు కావాలి. ఒక్కో పెట్టె పన్నెండు కిలోలు దాటకూడదు, మెట్ల మీద ఆయాసపడేది నేనే కాబట్టి.

సాయంత్రం ఇవన్నీ కందిరీగకి చెప్పబోతే, "అమ్మా, నాకింకా రెండు వారాలుంది" అంది. రెండు వారాలు! జడ్జిగారు కూడా అలాగే అన్నారు. ఆఖరి రోజు ఆయన కళ్ళజోడు ఏ పెట్టెలో పడిందో వెతకలేక తల ప్రాణం తోకకొచ్చింది.

ఆగస్టు 5, మంగళవారం

రేపు సెలవు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 6, బుధవారం

మూడు గంటల పదిహేను నిమిషాలు! ఒక్కదాన్నే! రాసిపెట్టుకోవాల్సిన సంగతే ఇది.

పిల్ల పొద్దున్నే డాక్టరు సర్టిఫికెట్ కోసం వెళ్ళింది. అటునుంచి స్నేహితురాలింటికి. సాయంత్రం దాకా రాదు. ఆయన లిఫ్టు బాగుచేయడానికి ఏదో పదంతస్తుల బిల్డింగుకి వెళ్ళారు. ఇల్లంతా నాదే. తొమ్మిదింటికి కొంగు బిగించాను, పన్నెండుంబావుకి చేతులు దులుపుకున్నాను.

పద్నాలుగు పెట్టెలయ్యాయి. నాలుగు హాస్టల్‌కి, పది అటక మీదికి. ప్రతి పెట్టె మీదా నంబరు, లోపలేముందో జాబితా, ఏ అరలోంచి, ఏ మూలలోంచి తీశానో కూడా. ఈ పుస్తకంలోనే వెనక పేజీల్లో ఉంది. మచ్చుకి: ఒక చెవి విరిగిన చెక్క గుర్రం (స్థితి: చెవి లేదు, పాతదే). ఈకల సీసా ఒకటి (స్థితి: మూత బిగుసుకుంది). చనిపోయిన కుక్క మెడపట్టీ ఒకటి, మేకుకి వేలాడుతూ ఉన్నది (స్థితి: కొరికిన గుర్తులు). దాన్ని రెండు పొరల బుడగల కాగితంలో చుట్టాను. పగిలేది కాదు, అయినా చుట్టాను.

మంచం విప్పి గోడకి ఆనించాను. పరుపు చుట్టి తాడు కట్టాను. కిటికీ బయట తుప్పు పట్టిన డబ్బా మూత ఒకటుంటే పారేశాను. గోడకున్న మేకులు తొమ్మిది పీకి, చిల్లులకి పుట్టీ పెట్టి, పైన కాస్త తెల్ల రంగు కూడా పూశాను. ఇంత శుభ్రంగా నేను జడ్జిగారి ఇల్లు కూడా అప్పగించలేదు.

ఆఖరున చూడాల్సిన మూడు చోట్లూ చూశాను. తలుపు వెనక, కిటికీ పైన, పై అరలో వెనకాల. ఏమీ మిగల్లేదు. ఇక్కడిదాకా వచ్చాక మేం తలుపు మీద సుద్దతో "ఖాళీ" అని రాస్తాం, మళ్ళీ ఎవరూ ఆ గదిలోకి వెళ్ళి వెతుక్కోకుండా. ఇంట్లో సుద్ద లేదు, పెట్టెల మీద రాసే నీలం క్రేయాన్ చేతిలో ఉంది. చెయ్యి దానంతటదే రాసేసింది. అక్షరాలు గుండ్రంగా, బాగా కుదిరాయి.

పిల్ల ఆరింటికి వస్తుంది. మొహం చూడాలి!

ఆగస్టు 7, గురువారం

ఏమీ అనలేదు. సంతోషం ఎక్కువై మాట రాలేదేమో.

ఆగస్టు 8, శుక్రవారం

సంతోషం కాదు.

సరే, రాస్తాను. వచ్చి చెప్పులు విప్పి, గది ముందు నిలబడింది. తలుపు మీద రాత చదివింది. తలుపు తోసి చూసింది. లోపలికి వెళ్ళలేదు. నావైపు తిరిగి, "అద్దెకున్నవాళ్ళనైనా నెల ముందు చెప్పి ఖాళీ చేయిస్తారమ్మా. నాకు అదీ లేదా?" అంది.

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకి నేను అలవాటు పడ్డదాన్ని, తిరిగి అరవగలను. మెల్లగా అంది. నేను మాత్రం, నోరుమూసుకోకుండా, పెట్టెల నంబర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఒకటి నుంచి నాలుగు దాకా నీతో వస్తాయి, అయిదు నుంచి... అది హాల్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆయన వచ్చి గది చూశారు. "మేకులు కూడా పీకావా?" అన్నారు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఈయన నన్ను తిట్టిందెప్పుడంటే ఇదే అనుకోవాలి.

రెండు రోజులుగా పిల్ల హాల్లో చాప మీద పడుకుంటోంది. మంచం బిగిస్తాను రా అంటే వినపడనట్టు ఊరుకుంటోంది. ఒళ్ళు మండుతోంది. నేను చేసిన పాపమేమిటి? సామానుకి గీత పడకుండా సర్దాను. ఊళ్ళో జనం ఈ పనికి నన్ను బతిమాలి పిలుచుకుంటారు.

తలుపు మీద రాత తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. సబ్బు పెట్టాను. నీలం పలచబడింది, అక్షరాలు అలాగే ఉన్నాయి. మైనం కదా.

ఆగస్టు 9, శనివారం

టీవీ మీద హాస్టల్ వాళ్ళ ఫారం పెట్టి ఉంది. చేరే రోజు ఇవ్వాల్సింది. సంతకం కోసం నాన్నకని పెట్టింది, నా కోసం కాదు. చూశాను. పుట్టినతేదీ, రక్తం గ్రూపు, అన్నీ చక్కగా నింపింది. ఆఖరున: "సెలవుల్లో హాస్టల్లోనే ఉంటారా?" పక్కన "అవును" అని పెన్సిలుతో రాసింది.

పెన్సిలే. పెన్ను కాదు. అది గమనించాను.

ఆగస్టు 10, ఆదివారం

ఈ రోజు కూడా పని ఉంది. ఒక పంతులమ్మ ఇల్లు, రెండు గదులు, సులువు. మధ్యాహ్నం లారీ నీడలో టీ తాగుతూ డ్రైవరు బాబాయికి జరిగింది చెప్పాను. నా వైపు మాట్లాడతాడని చెప్పాను, ఇంకెందుకు!

ఆయన అంతా విని గ్లాసు కింద పెట్టాడు. "అమ్మాయ్, నెలలో ఇరవై రోజులు నేను రోడ్డు మీదే ఉంటానా? మా ఇంట్లో నా గ్లాసు ఒకటుంది, సొట్టది. నేను లేనప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోరు. కడిగి అక్కడే పెడతారు. ఆ గ్లాసు కనపడకపోతే నేను గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతా" అన్నాడు. తరవాత, "మనం సర్దేదంతా తిరిగి రానోళ్ళ సామాను. వచ్చేవాళ్ళకి సర్దడం వేరే పని. అది నీకూ రాదు, నాకూ రాదు" అన్నాడు.

నాకు రాని పని ఒకటి ఉందని నా మొహం మీద చెప్పినవాళ్ళు ఈ ఇరవై రెండేళ్ళలో ఎవరూ లేరు. కోపం రావాలి. టీ చల్లారిపోయింది.

ఇంకొకటి రాయాలి. రెండో తారీఖు దగ్గర వదినతో "చూద్దాం అన్నాను" అని రాశాను. చూద్దాం అనలేదు. "సరే వదినా, పద్దెనిమిది తరవాత తెచ్చేసుకో" అన్నాను. పిల్ల వంటింట్లో ఉంది అప్పుడు. విన్నది. ఆ రోజే విన్నది. బుధవారం నేను గది ఊడ్చేసేసరికి, దానికి మిషను కోసమే అనిపించదా మరి?

మిషను కోసం కాదు. పోనీ, కొంచెం మిషను కోసం. ఎక్కువ దేనికోసమంటే, అది వెళ్ళేదాకా రోజూ ఆ గదిలోకి వెళ్ళి ఒక్కో వస్తువు తీస్తుంటే చూడటం నా వల్ల కాదు. ఒక్క దెబ్బతో అయిపోతే పోతుందనుకున్నాను. పెట్టెల్లో పెట్టేస్తే నాకు ఏడుపు రాదు. అందుకే ఈ ఉద్యోగం నాకు బాగా కుదిరింది.

రాసేశాను. స్థితి గడిలో గీత. పాతది కాదు, నేను పెట్టిందే.

ఆగస్టు 11, సోమవారం

మళ్ళీ సెలవు. మేనేజరు "ఏమ్మా, ఇల్లు మారుతున్నారా?" అని అడిగాడు. కాదు, అదే ఇంట్లో దిగుతున్నామన్నాను.

పిల్ల బయటికి వెళ్ళింది. పుస్తకం వెనక పేజీలు తెరిచి, పద్నాలుగు పెట్టెలూ విప్పాను. విప్పడం కూడా నా పనే, కానీ నేనెప్పుడూ కొత్త ఇంట్లో విప్పుతాను, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. తీసినచోటే తిరిగి పెట్టడం ఇదే మొదటిసారి. జాబితా లేకపోతే చచ్చేదాన్ని. చెక్క గుర్రం రెండో అరలో, మొహం కిటికీ వైపు. ఈకల సీసా దాని పక్కన. మంచం బిగించాను. మేకులు కొట్టాలి కదా, పుట్టీ పెట్టి రంగేసిన చిల్లులు నాకే కనపడలేదు! అంత బాగా మూశాను, నా పనితనం తగలెయ్య. వేళ్ళతో గోడంతా తడిమి తొమ్మిదింటిలో ఎనిమిది పట్టుకున్నాను. తొమ్మిదోది దొరకలేదు. అది కుక్క మెడపట్టీ మేకు.

మూడు గంటల పదిహేను నిమిషాల్లో సర్దేసినది తిరిగి పెట్టడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది.

అయిదింటికి కిటికీ చువ్వల మీద పావురం వచ్చి వాలింది. సిమెంటు గట్టు మీద ముక్కుతో టకటకా కొట్టి, నావైపు చూసింది. అప్పుడు అర్థమైంది, ఆ తుప్పు మూతలో పిల్ల దీనికి గింజలు వేసేదని. చెత్తలో అది ఎప్పుడో వెళ్ళిపోయింది, జాబితాలో కూడా రాయలేదు. కాఫీ డబ్బా మూత ఊడదీసి పెట్టాను. పావురం దాని అంచు మీద కూర్చుని చూసి, ఎగిరిపోయింది.

పిల్ల వచ్చింది. గదిలోకి వెళ్ళింది, ఈసారి వెళ్ళింది. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు చేస్తూ నిలబడ్డాను. పది నిమిషాలకి బయటికొచ్చి, "దాని మేకు ఇంకా కిందికి" అంది. అయిదు రోజుల తరవాత మొదటి మాట. గోడ మీద వేలు పెట్టి చూపించింది. సుత్తి అడిగింది, తనే కొట్టుకుంది. వంకరగా కొట్టింది. నోరు మూసుకున్నాను.

ఆగస్టు 12, మంగళవారం

ఆఫీసు నుంచి స్టిక్కర్ల చుట్ట తెచ్చాను. ఆకుపచ్చవి "వెళ్తుంది". పసుపువి "ఉంటుంది". ఇంటి యజమానుల బీరువాలూ ఫ్యాన్లూ పొరపాటున ఎక్కించకుండా వాటికి పసుపు అంటిస్తాం. మాకు ఆకుపచ్చవే ఎప్పుడూ అయిపోతాయి. పసుపు చుట్ట నాలుగేళ్ళుగా అలాగే ఉంది, జిగురు ఎండిపోయిందేమోనని భయపడ్డాను. ఎండలేదు.

రెండు చుట్టలూ దాని మంచం మీద పెట్టి, "నువ్వే అంటించుకో, నేను దేన్నీ ముట్టుకోను" అన్నాను.

"నిజంగా ముట్టుకోవా?"

"ముట్టుకోను."

"చూద్దాం ఎంతసేపుంటావో" అంది. నవ్వలేదు గానీ, నవ్వు ఎక్కడో మొదలయ్యింది. నాకు తెలుసు దాని మొహం.

ఆ తరవాత తలుపు మీది నీలం రాత వైపు చూసి, "అత్తకి చెప్పావా?" అంది.

"చెప్తాను."

ఆగస్టు 13, బుధవారం

వదినకి ఫోన్ చేయలేదు. ఆమెకి మధ్యాహ్నం కుట్టుపని ఎక్కువ.

ఆగస్టు 14, గురువారం

చేశాను. వానల గురించి మాట్లాడాం.

ఆరుగురు మగాళ్ళ మీద పొద్దున్నుంచి అరిచి పని చేయిస్తాను. మేనేజరు నాతో మాట్లాడేముందు గొంతు సవరించుకుంటాడు. వదిన దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్ళు నములుతాను. ఎందుకో నాకు తెలుసు. పిల్లకి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేను లారీల వెంట ఊళ్ళు తిరుగుతుంటే, దానికి జడలు వేసింది ఆమె, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆమె. "నీ పని నువ్వు చూసుకోవే, పిల్ల నా దగ్గరుంటుంది" అంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అలాంటి మనిషి తడవని మూల ఒకటి అడిగితే లేదని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది?

ఆగస్టు 16, శనివారం

పిల్ల సర్దుకోవడం చూశాను, గుమ్మం దాటి లోపలికి వెళ్ళకుండా. నరకం. పుస్తకాలు సూట్‌కేసు పైభాగాన పెట్టింది. పుస్తకాలు కింద, చక్రాల వైపు ఉండాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు! రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

పసుపు స్టిక్కర్లు గదంతా అంటించింది. మంచానికి, కుర్చీకి, గుర్రానికి, ఈకల సీసాకి, మెడపట్టీ వేలాడే మేకుకి. కిటికీ బయట కాఫీ మూతకి కూడా. ఆకుపచ్చవి చాలా తక్కువ. బట్టలు, పుస్తకాలు, దుప్పటి, బకెట్టు, తాళం. చివరికి చూస్తే ఆ హాస్టల్ కాగితంలో ఉన్నవే దాదాపు అన్నీ. ఆ రాసినాయనకి ఏదో కొంత తెలుసని ఒప్పుకోవాలి. కొంతే.

అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి నిలబడింది. "అమ్మా, మొదటి పెట్టె మాత్రం నువ్వు సర్దు" అంది.

మొదటి పెట్టె అంటే మా పనిలో లారీలో ఆఖరున ఎక్కించి అన్నిటికంటే ముందు దించేది. కొత్త చోట మొదటి సాయంత్రం, ఇంకేదీ విప్పకముందు, మనిషికి కావాల్సినవి అందులో ఉండాలి. ఆ పెట్టె సర్దడంలోనే సర్దేవాళ్ళ పనితనమంతా తెలుస్తుంది. ఈ మాట దానికి ఏడేళ్ళప్పుడు చెప్పాను. గుర్తుంచుకుంది.

సరే అని, గబగబా వెళ్ళి మొహం కడుక్కున్నాను. అట్టపెట్టెల దుమ్ము కళ్ళల్లో పడితే ఒక పట్టాన పోదు. ఇంట్లో ఇప్పుడు అట్టపెట్టెలు లేవు, అయినా.

ఆగస్టు 17, ఆదివారం

మొదటి పెట్టె, వరసగా, పైనుంచి కిందికి:

మంచం మీద పరిచే దుప్పటి, ఎందుకంటే మొదట కూర్చోవాలి. తువ్వాలు, సబ్బు. బాత్రూం చెప్పులు. అయిదు మీటర్ల బోర్డు, ఫోను ఛార్జరు. తాళం, మూడు చెవులు: ఒకటి దానికి, ఒకటి గదిలో ఉండే రెండో పిల్లకి, ఒకటి పారేసుకోవడానికి. నీళ్ళ సీసా, నింపి. జ్వరం మాత్రలు, తలనొప్పి మాత్రలు, కాలికి గుచ్చుకుంటే అంటించే పట్టీ. సూది, దారం, పిన్నీసులు. తాడు, పన్నెండు క్లిప్పులు. చిన్న సుత్తి, మేకులు నాలుగు. బిస్కెట్లు రెండు పొట్లాలు, రెండోది ఆ రెండో పిల్లకి.

అన్నిటికంటే అడుగున మా ఇంటి తాళంచెవి.

పది కిలోల మూడు వందల గ్రాములు. మూత మూసి టేపు వేశాను.

"అత్తకి చెప్పావా?" అంది మళ్ళీ, పళ్ళు తోముకుంటూ. "చెప్తానన్నాగా" అన్నాను.

ఆగస్టు 18, సోమవారం

పొద్దున ఆయన సూట్‌కేసులు బస్సు ఎక్కించి, "ఫోన్ చెయ్" అన్నారు పిల్లతో, అంతే. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూస్తే, ఆయన ఆ స్టాపులోనే నిలబడి ఉన్నారు, పనికి తను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నా.

హాస్టల్లో వార్డెన్ నన్ను గుర్తుపట్టింది. "టేపు అమ్మగారా, రండి" అంది. ఫారం తీసుకుని ఒక్కో గడి మీద వేలు పెట్టి చదువుతోంది. ఆఖరి గడి దగ్గర ఆగింది. పెన్సిలు రాత చెరిపేసి ఉంది. "ఇది నింపలేదేం? సెలవుల్లో ఇక్కడే ఉంటావా, ఇంటికి వెళ్తావా?"

పిల్ల నావైపు చూసింది. నేను కౌంటరు మీద ఉన్న గంట వైపు చూశాను.

"ఆ గడి అలాగే ఉంచండి మేడమ్" అంది. "మా అమ్మ ఒక ఫోన్ చేయాలి. తరవాత చెప్తాను."

"ఫోనుకీ గడికీ ఏం సంబంధం?" అంది వార్డెన్.

"అమ్మకి తెలుసండీ."

మూడంతస్తులూ మొదటి పెట్టె నేనే మోశాను, ఇయ్యనన్నాను. రెండో పిల్ల అప్పటికే వచ్చి, సగం విప్పిన సంచుల మధ్య దిక్కులు చూస్తోంది. "ఛార్జరెక్కడ పెట్టుకుంటారండీ ఇక్కడ?" అని అడిగింది మమ్మల్ని. మా కందిరీగ పెట్టె టేపు కోసి, బోర్డు తీసి, వైరు మంచం దాకా లాగి, "ఇదిగో" అంది. ఎంత గర్వంగా అందో! నా మొహం ఎలా ఉందో నాకు తెలీదు, బహుశా బజారులో బహుమతి గెలిచినదాని మొహంలా ఉండి ఉంటుంది.

దుప్పటి పరిచింది. సబ్బు గూట్లో పెట్టింది. అడుగున చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. "మొదటి సాయంత్రం ఇదెందుకమ్మా?"

"ఉండనీ" అన్నాను. జేబులో వేసుకుంది. గట్టిగా పట్టుకుంది నన్ను, నా ఎముకలు విరుగుతాయేమో అన్నంతగా. అయిదు నిమిషాల తరవాత మెట్లు దిగుతుంటే పైనుంచి అరిచింది, "పావురానికి మర్చిపోకు!"

నాలుగింటికి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పాను. దాని గది తలుపు వేసి ఉంది. పొద్దున గ్యాసు కట్టేస్తూ, కిటికీలు మూస్తూ నేను హడావిడిలో ఉన్నప్పుడు వేసి ఉంటుంది. నేను రుద్ది రుద్ది పలచబరిచిన "ఖాళీ" అలాగే ఉంది. దాని పక్కనే, అదే నీలం క్రేయాన్‌తో, కొత్తగా, ముద్దగా, వంకరటింకరగా ఇంకో మాట రాసి ఉంది.

"లేదు."

ఖాళీ లేదు.

అక్కడే నేల మీద కూర్చుని నవ్వాను. తరవాత ఏడ్చాను. దుమ్ము కాదు, ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. లేచి, మొహం కడుక్కోకుండానే, వదినకి ఫోన్ చేశాను.

"ఏమే, దిగిందా పిల్ల? రేపు మిషను పంపనా? గది ఖాళీయేగా ఇక" అంది వదిన.

"ఖాళీ లేదు వదినా."

అటు వైపు కుట్టుమిషను ఆగింది. "ఎవరున్నారే అందులో?"

"నీ మేనకోడలు."

"అదేంటి, వెళ్ళలేదా?"

"వెళ్ళింది. వస్తుంది కూడా. అది వచ్చేటప్పటికి దాని గది దానికి ఉండాలి. ముందు నీకు సరే అన్నాను, తప్పు నాదే. అడిగింది నువ్వు కాబట్టి నోరు రాలేదు." ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆపితే మళ్ళీ మాట్లాడలేనని ఆపలేదు. "మా హాల్లో కిటికీ పక్కన నాలుగున్నర అడుగులుంది, టీవీ బల్ల జరిపితే. కొలిచాను. మిషను పడుతుంది. కటింగ్ బల్ల కాళ్ళు మడిచేది చేయిద్దాం. రోజూ వచ్చి కుట్టుకో. సాయంత్రాలు నాకూ తోడుంటుంది."

"చిన్నప్పుడు అది నా దగ్గర ఉన్నన్నాళ్ళూ, నా బీరువాలో దాని గౌను ఒకటి ఎప్పుడూ ఉంచేదాన్ని" అంది వదిన. "ఇప్పటికీ ఉందే అది. పిచ్చిదానా, ఈ మాట చెప్పడానికి ఇన్నాళ్ళా? కిటికీ వెలుతురు ఎడమ చేతి వైపు పడుతుందా?"

"ఎడమ చేతి వైపే."

"అయితే గురువారం వస్తా" అంది.

పెట్టేశాక పిల్లకి మెసేజ్ పెట్టాను. "చెప్పాను."

జవాబు అయిదు నిమిషాలకి వచ్చింది. "కాదు అని రాయించా. పెన్నుతో. పావురానికి గింజలు వేశావా?"

వేశానని పెట్టాను. పెట్టి, గబగబా లేచి వెళ్ళి వేశాను.